కలిసి పనిచేసేవాళ్ల ప్రేమకథ: మిస్సమ్మ నుంచి పాశమైలారం దాకా



ఒకేచోట ఉద్యోగం చేసే అబ్బాయీ అమ్మాయీ ప్రేమలో పడే సరదా సినిమాల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఈ కథ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మన హాస్యచిత్రాల్లో ఎవరు లెక్క తీసినా ముందు వరసలో నిలబెట్టే 'మిస్సమ్మ' ఇలాంటిదే. 1955 జనవరి 12న, సంక్రాంతి ముందు విడుదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థ తీసింది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. కథకు మూలం రవీంద్రనాథ్ మైత్రా బెంగాలీలో రాసిన 'మన్మొయీ గర్ల్స్ స్కూల్' అనే నాటకం.

మిస్సమ్మ అనగానే మనకు సావిత్రి గారి మూతివిరుపులు గుర్తొస్తాయి, సాలూరి రాజేశ్వరరావు గారి బాణీలు గుర్తొస్తాయి, మార్కస్ బార్ట్‌లీ కెమెరాలో కురిసిన వెన్నెల గుర్తొస్తుంది. నాకు మాత్రం అది మొదట ఉద్యోగం సినిమా. అందులో కథంతా ఒక పత్రికా ప్రకటన మీద నడుస్తుంది. అప్పాపురం జమీందారు గోపాలం గారు తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి పేరుమీద బడి నడుపుతుంటారు. ఆ బడికి పంతులూ పంతులమ్మా కావాలి. ఇద్దరూ పట్టభద్రులై ఉండాలి, పైగా భార్యాభర్తలై ఉండాలి. మద్రాసులో ఉద్యోగం లేక తిరుగుతున్న ఎం.టి. రావుకూ, అప్పు తీర్చకపోతే ఇష్టంలేని పెళ్లికి తలవంచాల్సి వచ్చే మేరీకీ ఆ ప్రకటన కనపడుతుంది. ఇద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. జీతం కోసం మొగుడూపెళ్లాల్లా నటించడానికి ఒప్పుకుంటారు.

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. వాళ్లిద్దర్నీ ఒకచోటికి చేర్చింది విధి కాదు, చూపులూ కావు. నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం. దొరికితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి. కాబట్టి ఎంత చిరాకుపడ్డా కలిసే ఉండాలి, కలిసే అబద్ధమాడాలి, కలిసే బడికి పోవాలి. అందులో హాస్యమంతా ఈ ఇరకాటం లోంచే పుట్టింది. రావు జమీందారు గారి రెండో కూతురు సీతకు సంగీతం చెబుతుంటే మేరీకి ఒళ్లు మండుతుంది. తనకేమీ కాని మనిషి ఎవరికి పాఠం చెబితే తనకెందుకు? ఆ ప్రశ్నకు జవాబు ఆమెకే తెలియదు. ఆ తెలియకపోవడాన్ని సావిత్రి గారు ముఖంలో చూపించిన తీరు ఇప్పటికీ మన నటీమణులకు పాఠమే. మొదట ఆ పాత్రకు అనుకున్నది భానుమతి గారిని. సావిత్రి గారికి అనుకున్నది సీత వేషం. అటూ ఇటూ మారి, సీత వేషం జమున గారికి వెళ్లింది, తెలుగు సినిమాకు మేరీ దొరికింది.

రావు పాత్రలో ఎన్.టి. రామారావు గారు పాటించిన మర్యాద ఇంకోటి ఉంది. ఒకే ఇంట్లో, ఒకే పైకప్పు కింద ఉండి కూడా ఆమె మీద అతను హక్కు చూపించడు. ఆమె కోపానికి కోపం తెచ్చుకోడు, సర్దుకుపోతాడు. 70 ఏళ్ల కింద తీసిన సినిమాలో మగవాడికి ఈ నిదానం ఉంది. దీన్ని మళ్లీ ప్రస్తావిస్తాను.

ఇక మరో సినిమా. 2007 ఏప్రిల్‌లో వచ్చిన 'ఆడవారి మాటలకు అర్థాలే వేరులే'. ఆ పేరు కూడా మిస్సమ్మలోని పాట నుంచి తీసుకున్నదే. సెల్వరాఘవన్ దర్శకుడు, వెంకటేశ్, త్రిష నటీనటులు. ఉద్యోగం లేని గణేశ్ అనే కుర్రాడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరతాడు, అక్కడ కీర్తి అతని పైఅధికారి. ఉద్యోగం కోసం తిరిగే కొడుకు, కొడుకు కోసం బెంగపడే బడిపంతులు తండ్రి, ఆ తండ్రిగా కోట శ్రీనివాసరావు గారు. ఆ మొదటి భాగం మధ్యతరగతి ఇంటిని చూపించినంత నిజంగా మన సినిమాల్లో అరుదుగా కనిపిస్తుంది. కానీ సగం దాటగానే కథ ఆఫీసును వదిలి ఊళ్లోని పెద్దింటికి, తాతగారి మాటకు, మేనరికానికి తరలిపోయింది. ఆఫీసు ఇక తిరిగి అవసరపడలేదు. తమిళంలో ధనుష్, నయనతారలతో 'యారడి నీ మోహిని'గా మళ్లీ తీసినప్పుడు కూడా అంతే.

మన ఆఫీసు ప్రేమకథలతో నాకున్న పేచీ ఇదే. ఆఫీసు ఉంటుంది, పని ఉండదు. అద్దాల మేడ ఉంటుంది, మెడలో కార్డు ఉంటుంది, కాఫీ మిషను ఉంటుంది. హీరో ఏం పనిచేస్తాడో, ఆ రోజు పని చెడితే ఏమవుతుందో, నెల జీతం ఎటు పోతుందో, ఏదీ తెలియదు. పని కనపడని చోట తోటి ఉద్యోగి ఎవరైనా ఒకటే. ఆ ప్రేమ కాలేజీలో పుట్టినా ఒకటే, బస్టాండులో పుట్టినా ఒకటే.

పని కనపడితే ఏమవుతుందో చూడాలంటే 1940 నాటి ఒక అమెరికన్ చిత్రం ఉంది, 'ద షాప్ అరౌండ్ ద కార్నర్'. ఎర్న్‌స్ట్ లూబిచ్ తీశాడు. కథ బుడాపెస్ట్‌లోని ఒక తోలు సామాన్ల దుకాణంలో జరుగుతుంది. మిక్లోష్ లాస్లో అనే హంగేరియన్ రచయిత నాటకం దానికి ఆధారం. జేమ్స్ స్టీవర్ట్, మార్గరెట్ సల్లవన్ ఆ దుకాణంలో గుమాస్తాలు. ఎదురుపడితే ఉప్పూనిప్పూ. కానీ ఇద్దరూ పేరు చెప్పుకోకుండా ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటూ, ఆ ఉత్తరాల మనిషిని ప్రేమిస్తూ ఉంటారు. ఆ మనిషి పక్క కౌంటరులోనే ఉన్నాడని ఆమెకు తెలియదు.

ఆ సినిమాలో హీరోయిన్‌కు ఉద్యోగం ఎలా దొరికిందో చెప్పాలి. మూత తీస్తే పాట పాడే సిగరెట్ పెట్టె ఒకటి ఆ దుకాణానికి వస్తుంది. యజమానికి నచ్చింది, హీరో అది అమ్ముడుపోదంటాడు. అప్పుడే ఉద్యోగం అడగడానికి వచ్చిన అమ్మాయి ఆ పెట్టెను అక్కడికక్కడే ఒకావిడకు మిఠాయి పెట్టె అని చెప్పి అమ్మేస్తుంది. మూత తీసిన ప్రతిసారీ పాట వినపడుతుంది కాబట్టి మీరు మిఠాయిలు ఎక్కువ తినకుండా గుర్తు చేస్తుంది అంటుంది. ఉద్యోగం వచ్చేసింది, హీరోతో వైరమూ మొదలైంది. ఒక్క అమ్మకంలో ఆమె తెలివి, ఆమె అవసరం, అతని అహం మూడూ బయటపడ్డాయి. ఇదీ పనిలోంచి పుట్టిన కథ అంటే. దాన్నే 1998లో ఈమెయిళ్ల కాలానికి మార్చి 'యూ'వ్ గాట్ మెయిల్' తీశారు.

మన దేశంలో బాసు చటర్జీ 1976లో తీసిన 'ఛోటీ సీ బాత్' కూడా ఆ కోవలోదే. బొంబాయి బస్టాపులో వరసలో నిలబడే అరుణ్‌గా అమోల్ పాలేకర్, ప్రభగా విద్యా సిన్హా. ఆమె ఆఫీసులోనే పనిచేసే నాగేశ్‌గా అస్రానీ స్కూటరు మీద దిగబడుతుంటే, బస్సు కోసం నిలబడ్డ అరుణ్ గుండె జారిపోతుంటుంది. జీతగాడి ప్రేమలో స్కూటరు ఎంత పెద్ద విషయమో ఆ సినిమా చూసినవాళ్లకు తెలుసు.

తెలుగులో ఈమధ్య పని కనిపించిన ప్రేమకథ అంటే నేను 2016 నాటి 'పెళ్లిచూపులు' చెబుతాను. తరుణ్ భాస్కర్ తీసిన ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా, సంభాషణలకూ జాతీయ పురస్కారాలు వచ్చాయి. పొరపాటున ఒక ఇంటికి పోవలసిన పెళ్లిచూపులు ఇంకో ఇంట్లో జరిగి, ప్రశాంత్, చిత్ర ఒక గదిలో ఇరుక్కుంటారు. తర్వాత వాళ్లు కలిసి ఫుడ్ ట్రక్కు పెడతారు. అతనికి వంట వచ్చు, ఆమెకు లెక్కా పట్టుదలా ఉన్నాయి. వాళ్లు దగ్గరయ్యేది ఆ బండి నడిపే పనిలోనే. ప్రేమిస్తున్నామని తెలిసేలోపే ఒకరి పని మీద ఒకరికి గౌరవం కలిగింది. అందుకే ఆ జంట నమ్మదగ్గట్టు ఉంటుంది.

ఇక 2024లో మన హైదరాబాద్ ఉద్యోగుల ప్రేమకథను మలయాళీలు వచ్చి తీసుకుపోయారు. గిరీశ్ ఎ.డి. తీసిన 'ప్రేమలు'. కేరళ నుంచి వచ్చిన కుర్రాడు, ఇక్కడి ఐటీ కంపెనీలో పనిచేసే అమ్మాయి, ఆమె ఆఫీసులోనే ఉన్న పోటీదారు. తెలుగులో అనువదించి విడుదల చేస్తే మనవాళ్లు బాగా ఆదరించారు. మన వీధులు, మన హాస్టళ్లు వాళ్లకు కథగా కనిపించాయి.

నేను ఈ మాటలు చెబుతున్నది హైదరాబాద్ శివారులోని బీరంగూడ నుంచి. ముంబై హైవే మీద చందానగర్, రామచంద్రాపురం దాటి పటాన్‌చెరు వైపు వస్తుంటే కుడిచేతి వైపు పెద్ద కమాను కనిపిస్తుంది. లోపలికి పోతే గుట్టమీద భ్రమరాంబికా మల్లికార్జున స్వామి గుడి. మహాశివరాత్రికి జాతర. ఇంకాస్త లోపలికి పోతే అమీన్‌పూర్ చెరువు, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన చెరువు. హైవే మీద వెనక్కి పోతే బీహెచ్‌ఈఎల్, ముందుకు పోతే 1972లో వచ్చిన ఇక్రిశాట్, పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆ పైన పాశమైలారం. ఇంకోపక్క బొల్లారం. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు, ఇనుము, ప్లాస్టిక్, ఆటోమొబైల్ విడిభాగాలు.

పొద్దున కమాను దగ్గర నిలబడితే ఈ ప్రాంతమేమిటో అర్థమవుతుంది. జనరల్ షిఫ్టు బస్సుల కోసం భుజాన బ్యాగు, అందులో టిఫిన్ డబ్బా, మెడలో ఐడీ కార్డుతో ఆడపిల్లలూ మగపిల్లలూ. నారాయణఖేడ్, జహీరాబాద్, జోగిపేట నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ, ఐటీఐ, డిప్లొమా చదువులు. నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుంటారు. ఇంటికి సగం జీతం పంపుతారు. నైట్ షిఫ్టు దిగినవాళ్లు ఎర్రబడ్డ కళ్లతో ఎదురుగా వస్తుంటారు. ఒకళ్లు దిగుతుంటే ఒకళ్లు ఎక్కుతుంటారు. వాళ్లలో ఒకరికొకరు నచ్చినవాళ్లు లేరా? ఉన్నారు. కలిసి పనిచేసి, పెళ్లి చేసుకుని, ఇక్కడే చిన్న ఫ్లాట్ కొనుక్కుని, పిల్లల్ని చదివించుకుంటున్న జంటలు మా కాలనీల్లో ఎన్నో. కులం వేరైనవాళ్లు, భాష వేరైనవాళ్లు ఉన్నారు. వాళ్ల కథ మాత్రం తెరమీదికి రాలేదు.

రావడానికి తగినంత సరుకు ఉందా అంటే, ఒక్క మందుల కంపెనీనే తీసుకుందాం. మందు తయారయ్యే గదిలోకి పోయే ముందు గాజులు తీసెయ్యాలి, ఉంగరాలు, గడియారాలు తీసెయ్యాలి, పూలు పెట్టుకోకూడదు, పౌడరూ కాటుకా ఉండకూడదు. తల మొత్తం కప్పే టోపీ, నోటికి మాస్కు, ఒంటిమీద గౌను, చేతులకు తొడుగులు, కాళ్లకు కవర్లు. మిగిలేవి రెండు కళ్లు. అందరూ ఒకేలా ఉంటారు. పక్కపక్కన నిలబడి నెల్లాళ్లు పనిచేసినవాళ్లు క్యాంటీన్‌లో ఎదురుపడితే గుర్తుపట్టకపోవచ్చు. అలంకారంతో పనిలేని చోట ఒక మనిషి ఇంకో మనిషికి ఎలా నచ్చుతారు? గొంతు వల్ల, నడక వల్ల, చేసే పనిలో శ్రద్ధ వల్ల.

ఇంకొకటి బ్యాచ్ రికార్డు. ప్రతి మందు బ్యాచ్‌కూ ఒక పుస్తకం ఉంటుంది. ఏ ముడిసరుకు ఎంత తూచారు, ఎన్ని నిమిషాలు కలిపారు, వేడి ఎంత, తేమ ఎంత, అన్నీ అందులో రాయాలి. ప్రతి ముఖ్యమైన మెట్టు దగ్గరా రెండు సంతకాలు. పని చేసినవారు ఒకరు, పక్కనుండి సరిచూసినవారు ఒకరు. తేదీతో సహా. పొరపాటున ఏదైనా తప్పు రాస్తే దిద్దకూడదు, చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింద రాసింది కనపడేటట్టు ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి, తేదీ వెయ్యాలి. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఆ పుస్తకం పుటా పుటా తిప్పి చూస్తారు. ఇద్దరి పేర్లు ఒకే వరసలో, బ్యాచ్ తర్వాత బ్యాచ్, పక్కపక్కన పడుతుంటాయి. ఇంత మంచి ప్రేమకథ సామగ్రి ఏ అద్దాల ఆఫీసులో ఉంది?

షిఫ్టుల సంగతి చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్లను పొద్దున 6 నుంచి సాయంత్రం 7 లోపలే పనిలో పెట్టుకోవాలని చెప్పింది. తర్వాత రవాణా, భద్రత వంటి షరతులతో సడలింపులు వచ్చాయి. అయినా చాలా కంపెనీల్లో ఆడపిల్లలు ఎక్కువగా కనిపించేది పగటి పూటే. అంటే పగలు ఆమె, రాత్రి అతను. ఇద్దరిదీ ఒకే యంత్రం, ఒకే లాగ్‌బుక్. యంత్రం ఏ స్థితిలో వదిలిపెట్టారో, ఎక్కడ శబ్దం వస్తోందో, ఏది గమనించాలో దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు రాసిపెట్టాలి. చేతిరాత తప్ప మనిషి తెలియదు. ఒకరి రాత చూసి ఒకరికి గౌరవం కలుగుతుంది. అదే మనిషితో షిఫ్టు మారేవేళ కంపెనీ బస్సు దగ్గర రోజూ గొడవ. లూబిచ్ బుడాపెస్ట్‌లో ఉత్తరాలతో చెప్పిన కథ మన పాశమైలారంలో లాగ్‌బుక్‌తో చెప్పుకోవచ్చు. నేను దీన్ని ఎవరైనా రాసుకోవడానికే చెబుతున్నాను.

ఇప్పుడు ఇందాక ఆపిన మర్యాద సంగతి. పనిచేసే చోట ప్రేమ అన్నప్పుడు భయం కూడా ఒకటి ఉంటుంది, దాన్ని దాటేసి పోకూడదు. పైఅధికారి చేతిలో ఇంక్రిమెంటు ఉంటుంది, షిఫ్టు ఉంటుంది. కాంట్రాక్టు మీద పనిచేసే ఆడపిల్లకైతే రేపటి పని కూడా ఆయన చేతిలోనే. అలాంటి చోట 'వద్దు' అనడానికి ఎంత ధైర్యం కావాలో సినిమా తీసేవాళ్లు ఆలోచించాలి. రాజస్థాన్‌లో సామాజిక కార్యకర్త భన్వరీ దేవి మీద జరిగిన అత్యాచారం తర్వాత 1997లో సుప్రీంకోర్టు పనిచోట లైంగిక వేధింపులను అడ్డుకునే విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో దానికి చట్టమే వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, దానికి మహిళ అధ్యక్షత వహించాలి. ఈ చట్టం ప్రేమకు అడ్డు కాదు. ఇష్టం లేని మనిషిని వెంటాడటానికి అడ్డు.

మిస్సమ్మ వచ్చిన రోజుకు సరిగ్గా 65 ఏళ్లకు, 2020 జనవరి 12న, 'అల వైకుంఠపురములో' వచ్చింది. అందులోనూ ట్రావెల్స్ కంపెనీ నడిపే అమూల్య, ఆమె దగ్గర పనికి చేరిన బంటు. త్రివిక్రమ్ గారి మాటల్లో చమక్కు ఉంది, పాటలు దేశమంతా మోగాయి. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు తన పైఅధికారి కాళ్లవైపు కళ్లప్పగించి చూడటాన్ని ప్రేమకు తొలిమెట్టుగా చూపించడం నాకు నచ్చలేదు. ఆ చూపు ఎంత ఇబ్బంది పెడుతుందో మా కమాను దగ్గర బస్సెక్కే ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. 1955లో రావు ఒక మనిషితో ఎంత ఓపికగా మెలిగాడో, ఆ ఓపికతోనే మూడు గంటలు జనాన్ని నవ్వించారు కదా. అది చేతనైన పరిశ్రమే మనది.

అందుకని, సినిమాలకు కథలు రాసే కుర్రకారుకు, ముఖ్యంగా షార్ట్ ఫిలిమ్‌లతో మొదలుపెట్టేవాళ్లకు నా విన్నపం. మీకు ఖరీదైన ఆఫీసు సెట్టు అక్కర్లేదు. పొద్దున షిఫ్టు మారే వేళకు బీరంగూడ కమాను దగ్గరకు రండి. టీ బండి దగ్గర నిలబడి, దిగినవాళ్లతోనూ ఎక్కేవాళ్లతోనూ మాట్లాడండి. ప్యాకింగ్‌లో పనిచేసే అమ్మాయిని ఆమె పని గురించి అడగండి, క్వాలిటీ ల్యాబులో రిపోర్టు కోసం రాత్రంతా కూర్చునే అబ్బాయిని అతని పని గురించి అడగండి. ముందు పని తెలుసుకోండి, ప్రేమకథ ఆ తర్వాత రాయండి. మా ప్రాంతపు పిల్లలు తమ జీవితాన్ని తెరమీద చూసుకుని నవ్వుకోవాలని ఎంతో కాలంగా ఎదురుచూస్తున్నారు. ఆ సినిమా తీస్తే మొదటి రోజు మొదటి ఆటకు టికెట్టు కొనేవాళ్లలో నేనూ ఉంటాను.